చెప్పి వెళ్ళే దారి

దావా వెయ్యాలని నా దగ్గరికి వచ్చేవాళ్ళని ముందుగా వాళ్ళ ప్రత్యర్థి కుర్చీలో కూర్చోబెట్టడం నాకు అలవాటు. బందరులో కోర్టుకి దగ్గర్లోనే నా ఆఫీసు. నా బల్లకి అవతల రెండు కుర్చీలుంటాయి. ఒకదాంట్లో కూర్చుని తమ గోడంతా చెప్పుకున్నాక, లేచి రెండో దాంట్లో కూర్చోమంటాను. "ఇప్పుడు మీరు మీరు కాదు, అవతలి పార్టీ. ఆయన జడ్జిగారికి ఏం చెప్తాడో ఆయన గొంతుతోనే చెప్పండి" అంటాను. కొందరు నవ్వుతారు, కొందరికి ఒళ్ళు మండుతుంది. "వాడి తరఫున నేను మాట్లాడటమేంటి మేడం!" అని కాగితాలు చంకన పెట్టుకుని వేరే లాయరు దగ్గరికి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వెళ్ళనివ్వండి. ఆ కుర్చీలో నోరు పెగలనివాళ్ళు రేపు బోనులో నిలబడి నా ప్రాణం తీస్తారు.

నేను ఎక్కువగా వాదుల తరఫునే పని చేశాను. ప్రతివాది లాయరు పని వేరు. కుండకి ఎక్కడో ఒకచోట చిల్లు పొడిస్తే ఆయన పని అయిపోయినట్టే. వాది లాయరు కుండ మొత్తాన్ని కాపాడుకోవాలి. అందుకని నా కుండకి చిల్లు ఎక్కడుందో ఎదుటివాళ్ళకంటే ముందు నాకు తెలియాలి. నా వెనకాల జూనియర్లు నన్ను హెడ్మాస్టరమ్మ అంటారని తెలుసు. అననివ్వండి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళెవరూ కోర్టులో సొంత సాక్షి మాట విని బిత్తరపోరు.

ఆ కుర్చీ నాకు బాగా పనికొచ్చిన కేసు దివిసీమది. అవనిగడ్డ దాటాక ఉన్న ఒక పల్లె నుంచి ఒకావిడ తన మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంచుమించు నా ఈడుదే. భర్త పోయాక ఎకరంన్నర మాగాణి తనే చేయించుకుంటోంది. వరి, వరి కోశాక మినుము. ఆ చేనుకి వెళ్ళాలంటే పక్కవాళ్ళ పొలంలో గట్టు వెంబడి బండి దారి ఉంది. ఆవిడ కాపరానికి రాకముందు నుంచీ నాగలైనా, ట్రాక్టరైనా, కోతమిషనైనా ఆ దారినే. ఇప్పుడు ఆ పక్క ఆసామి తన పొలంలో రొయ్యల చెరువు తవ్విస్తానని, దారిని కూడా చెరువులో కలిపేస్తానని చెప్పాడు. మురుగుకాలవ గట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్ళచ్చు గానీ, వానాకాలం అక్కడ మనిషి నడవడమే గండం, ఇక మిషను ఎలా వస్తుంది? దారి పోతే ఆవిడ కూడా చేనుని చెరువు కింద ఇచ్చెయ్యాల్సిందే.

"చెరువు తవ్వితే అది మళ్ళీ చేను అవదండీ," అందావిడ. "నేనున్నన్నాళ్ళు అందులో వరి పండాలండి. నాకు కావాల్సింది అంతే."

చట్టంలో ఆవిడకి ఒక ఆధారం ఉంది. ఒకరి భూమిలోంచి ఇరవై ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా, బాహాటంగా, హక్కుగా నడిస్తే ఆ దారి మీద నిజంగానే హక్కు వస్తుంది. అయితే హక్కుగా నడిచామని చూపించాలి. భూమి ఆసామి అనుమతి ఇస్తే నడిచాం అంటే మాత్రం, ఎన్నేళ్ళు నడిచినా వీసమెత్తు హక్కు రాదు. ఇచ్చినవాడు ఎప్పుడైనా వద్దనచ్చు. ఇలాంటి దారి దావాలు చాలామటుకు ఈ ఒక్క ముక్క దగ్గరే తేలిపోతాయి.

ఆవిణ్ణి రెండో కుర్చీలోకి మారమన్నాను. మారింది. పమిట సర్దుకుని నిటారుగా కూర్చుంది. కాలు మీద కాలు వేసుకోబోయి, సిగ్గుపడి దించేసింది. "ఆయన్ని బావగారు అంటానండి. చుట్టరికం ఏం లేదు, వరసంతే," అంది. తర్వాత ఆయనలాగే కాస్త దగ్గి మొదలుపెట్టింది.

"అయ్యా, ఆ అమ్మాయంటే మాకు అభిమానమేనండి. చేలోకి వెళ్ళేటప్పుడల్లా గట్టు మీద నన్ను చూసి, 'వెళ్తున్నాం బావగారూ' అని చెప్పే వెళ్ళేవోళ్ళు. నేను 'వెళ్ళమ్మా' అనేవోణ్ణి. ఏటా మినుములు రాగానే ఒక గిన్నెడు మా ఇంటికి పంపిచ్చేవోళ్ళు. ఇప్పుడు చెరువు తవ్వించుకుంటున్నా, ఇక కుదరదమ్మా అన్నానండి. నా పొలం కదండీ, తప్పేవుందండి?"

అడిగి వెళ్ళారు, ఆయన సరేనన్నాడు, పైగా ఏటా కౌలు లాంటిది కూడా చెల్లించారు. ప్రతివాది జవాబు దావా మొత్తం నా కళ్ళ ముందు కూర్చుని ఆవిడే చెప్పేసింది. ఆయన పెట్టుకోబోయే లాయరు కూడా ఇంత ఒద్దికగా రాయలేడు.

"ఇదంతా నిజమేనా?" అన్నాను.

"నిజమేనండి. చెప్పకుండా ఒకళ్ళ చేలోంచి ఎట్టా వెళ్తామండీ? దొంగలమా?"

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ మరిది ముందుకొచ్చాడు. "అడిగితే అట్టాంటిదేం లేదంటే సరిపోద్ది కదండీ. వెళ్తున్నాం అన్నమాటకి సాక్ష్యం ఏవుంది? మినుములకి రసీదులు ఏవన్నా ఉన్నాయా?" అన్నాడు, నాకేదో సాయం చేస్తున్నట్టు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోమన్నాను. ఇలాంటి సలహాదారు ప్రతి దావాకీ ఒకడు ఉంటాడు. కేసులు ఓడిపోయేది ఎదుటి లాయరు వల్ల కాదు, వీళ్ళ వల్ల. అబద్ధం చెప్పించడం తప్పు అన్నది సరే, నేను అసలు ఆ గుమ్మం తొక్కను. దాన్ని అలా ఉంచినా, ఆవిడ ముఖం చూస్తే చాలు, అబద్ధం ఒక్క ప్రశ్నకి కూడా నిలబడదని తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆవిడ చెప్పిన నిజాల్ని కూడా ఎవరూ నమ్మరు.

నా పద్ధతి ఏంటంటే, మనకి చెరుపు చేసే మాటని మన నోటితో మనమే ముందు చెప్పెయ్యాలి. ఎదుటివాళ్ళు తవ్వి తీసి చూపిస్తే అది నేరంలా కనబడుతుంది. మనమే బల్ల మీద పెడితే మామూలు సంగతిలా ఉంటుంది. అందుకని, ఆయనకి చెప్పి వెళ్ళేవాళ్ళమన్నదీ, మినుములు పంపేవాళ్ళమన్నదీ దావాలోనే రాయించాను. మా జూనియరు ఒకమ్మాయి నా వంక అదోలా చూసింది. మేడంగారికి మతిపోయింది అనుకుని ఉంటుంది.

కేసు వేసిన వెంటనే, తీర్పు వచ్చేదాకా దారి మూయకూడదని తాత్కాలికంగా ఉత్తర్వు తెచ్చుకున్నాం. ఆయన ఆ గట్టు మేరకి వదిలేసి మిగతా పొలంలో చెరువు తవ్వించుకున్నాడు. నేను ఆవిణ్ణి పిలిచి చివాట్లు పెడుతున్నట్టే చెప్పాను.

"ఇవాళ్టి నుంచి చెప్పి వెళ్ళడం మానెయ్యండి. మినుములు పంపొద్దు. ఆయన గట్టు మీద ఉన్నా మీ దారిన మీరు వెళ్ళిపోండి. దావా నడుస్తుండగా మీరు మళ్ళీ 'వెళ్తున్నాం బావగారూ' అన్నారంటే, చూడండి ఇప్పటికీ మా అనుమతి తీసుకునే వెళ్తోంది అంటారు."

"ఎదురుపడినా పలకరించకూడదా అండీ?"

"కూడదు."

"ఏవనుకుంటారండీ?"

"ఏమనుకున్నా మనకి అనవసరం. మీకు దారి కావాలా, వద్దా?"

ఆవిడ తల ఊపింది.

పొలం కేసుల్లో నేను కాగితం చూసి ఊరుకోను, నేల మీద నడిచి చూస్తాను. అదీ గొడవ ఏ పని గురించో ఆ పని జరిగే కాలంలోనే. కోతల రోజుల్లో బందరు నుంచి చల్లపల్లి మీదుగా బస్సులో అవనిగడ్డ వెళ్ళి, అక్కణ్ణించి ఆటోలో ఆవిడ ఊరు చేరాను. దారి అంతా నడిచాను. మలుపు దగ్గర కోతమిషను ఎలా తిరుగుతుందో చూశాను. మురుగుకాలవ గట్టు మీద కూడా నడవబోయి జారి చీర పాడుచేసుకున్నాను. ఆ బురద నాకు మంచి సాక్ష్యమే. ఆ గట్టు మీద మిషను వెళ్ళచ్చు కదా అని ఎవరైనా అంటే, ఏ ప్రశ్న అడగాలో నా మోకాళ్ళకి తెలుసు.

తిరిగొచ్చి ఆవిడ వరండాలో కూర్చుని కాళ్ళు కడుక్కుంటుంటే, పక్కింటావిడ ఒక స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చి వెళ్ళింది. పని మధ్యలో ఎవరైనా వస్తే నాకు చిరాకు. ఏంటది అన్నాను.

"నిన్న గోంగూర పచ్చడి పంపిచ్చానండి. డబ్బా తెచ్చిచ్చింది," అంటూ మూత తీసింది. లోపల కాస్త చింతపండు ఉంది.

"ఇదెందుకు?"

"ఖాళీ డబ్బా ఎట్టా ఇస్తారండీ?" అంది, నేనేదో వింత ప్రశ్న వేసినట్టు.

మా గుడివాడలో మా అమ్మ కూడా అంతే. పక్కింటి గిన్నె వస్తే, అడుగున పంచదారైనా పొయ్యకుండా తిరిగి పంపేది కాదు. నేను పుట్టి పెరిగిన ఇంటి మర్యాదే. అయినా ఇన్ని నెలలుగా మినుముల గిన్నె వెళ్ళడం గురించే తల బద్దలు కొట్టుకున్నాను గానీ, ఆ గిన్నె తిరిగి రావడం గురించి అడగాలని తట్టలేదు. నా మీద నాకే నవ్వొచ్చింది. ఇంకా కాళ్ళు తడిగానే ఉన్నాయి, ఫైలు కోసం సంచీ లాక్కున్నాను.

"మీ మినుముల గిన్నె బావగారింటి నుంచి ఎలా తిరిగొచ్చేది?"

"వాళ్ళమ్మగారున్నప్పుడు బెల్లం ముక్క వేసి పంపిచ్చేవారండి. ఆవిడ పోయాక నాలుగు నిమ్మకాయలు. వాళ్ళ పెరట్లో చెట్టుంది కదండీ. ఖాళీగా మట్టుకు ఎప్పుడూ రాలేదండి."

ఎవరికైనా కౌలు చెల్లిస్తే, పుచ్చుకున్న ఆసామి గిన్నెలో నిమ్మకాయలు వేసి తిరిగి పంపిస్తాడా? ఆ తర్వాత ఊళ్ళో వాకబు చేస్తే ఆవిడ మినుములు ఇంకా కొన్ని ఇళ్ళకి వెళ్తాయని తేలింది. వాళ్ళెవరి పొలంలోనూ ఆవిడకి దారి లేదు. వాళ్ళలో ఒక పెద్దావిడ సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుంది. బస్సులో తిరిగొస్తూ కిటికీ దగ్గర కూర్చుని చాలా రోజుల తర్వాత కూనిరాగం తీశాను.

సాక్షిని తయారు చెయ్యడం వేరు, సాక్షికి నూరిపొయ్యడం వేరు. రెంటి మధ్య గీత సన్నం, దాన్ని దాటేవాళ్ళు చాలామంది. నేను ప్రశ్న ఎలా వస్తుందో చెప్తాను, జవాబు ఏం చెప్పాలో చెప్పను. ముందు వేరేవాళ్ళ కేసు నడిచే రోజున కోర్టుకి తీసుకెళ్ళి వెనక బెంచీలో కూర్చోబెడతాను. జడ్జిగారు ఎక్కడ కూర్చుంటారు, టైపిస్టు ఎక్కడ, బోనులో ఎటు తిరిగి నిలబడాలి అన్నీ చూస్తే సగం భయం పోతుంది. తర్వాత ఆఫీసులో ఎదుటి లాయరు అవతారం ఎత్తి నేనే క్రాస్ చేస్తాను. అరుస్తాను, ఎగతాళి చేస్తాను, తియ్యగా కూడా మాట్లాడతాను. ఆ తియ్యదనమే మహా ప్రమాదం. అరిచేవాడి ముందు మనవాళ్ళు గట్టిగానే నిలబడతారు. మర్యాదగా అడిగేవాడికి మాత్రం కాదనలేక అన్నిటికీ తల ఊపేస్తారు.

ఆవిడ సంగతీ అంతే. "ఆయన మంచివారు కాబట్టే వెళ్ళనిచ్చారు, అవునామ్మా?" అని నేను మెత్తగా అడిగితే చాలు, "అవునండీ, మంచివారేనండి" అనేసేది. ప్రతిసారీ అదే. ఒకరోజు నాకు ఓపిక నశించి బల్ల మీద ఒక్కటి చరిచాను.

"మరి కాదని చెప్పమంటారా?" అంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

"ఏం చెప్పాలో నన్ను అడక్కండి. ప్రశ్న పూర్తిగా వినండి. అందులో ఎన్ని ముక్కలున్నాయో చూసుకోండి. ఏ ముక్క నిజమో దానికే ఒప్పుకోండి."

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. ఏం తేల్చుకుందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదని ఒప్పుకోవాలి. తయారీ అంతా నేను చేస్తాను గానీ బోనెక్కేది నేను కాదు.

వాళ్ళ లాయరుగారు గుడివాడ నుంచి కారులో వచ్చేవారు. పెద్దమనిషి, మాట వెన్న. ఆవిడ బోనెక్కిన రోజున, నేను భయపడ్డట్టే ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

"మీ బావగారు మంచివారేనా అమ్మా?"

"మంచివారేనండి."

"వెళ్ళేటప్పుడల్లా ఆయనకి చెప్పే వెళ్ళేవారు?"

"చెప్పే వెళ్ళేవోళ్ళమండి."

"ఆయన వెళ్ళమనేవారు?"

"అనేవోరండి."

"మరి ఆయన వద్దంటే మీరు వెళ్ళేవారు కాదు కదమ్మా?"

నేను పెన్ను పట్టుకుని కాగితం వంకే చూస్తున్నాను. ఇలాంటప్పుడు సాక్షి ముఖంలోకి చూడకూడదు, సైగ చేశామంటారు. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ప్రశ్నని ముక్కలు చేసుకుంటోందని నాకు అర్థమైంది.

"వద్దన్నది ఒక్కసారేనండి," అంది చివరికి. "అప్పుడు ఇక్కడికి వచ్చాను."

జడ్జిగారు ఆ మాటని ఉన్నదున్నట్టు టైపు చేయించారు. నాకు లేచి ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. కళ్ళజోడు తుడుచుకుని ఊరుకున్నాను.

తర్వాత ఆయన వంతు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నిదానమైన మనిషి. రెండో కుర్చీలో ఆవిడ చేసి చూపించినట్టే దగ్గి మొదలుపెట్టాడు. క్రాసులో ఎక్కువ అడగడం కంటే ఎక్కడ ఆపాలో తెలియడం ముఖ్యమని మా సీనియరుగారు తిట్టి తిట్టి నేర్పారు. నేను మినుముల దగ్గరికే వెళ్ళాను. ఏటా వచ్చేవా అన్నాను, వచ్చేవన్నాడు. గిన్నె మీ ఇంట్లోనే ఉంచుకునేవారా అన్నాను.

"అదేవిటమ్మా, వాళ్ళ గిన్నె మేవెందుకు ఉంచుకుంటాం?"

"ఖాళీగా పంపేవారా?"

ఆయన నొచ్చుకున్నాడు. "ఖాళీగా పంపడం మర్యాద కాదు కదమ్మా. మా అమ్మ బెల్లం వేసేది. తర్వాత్తర్వాత నిమ్మకాయలు."

ఇంకేం లేదండి అని కూర్చున్నాను. మరి అది కౌలు ఎలా అవుతుంది అని అడిగి ఉంటే ఆయనకి సర్దుకోవడానికి సందు దొరికేది. ఆ మాట వాదనల రోజున జడ్జిగారికి నేను చెప్పుకుంటాను. బోనులో ఉన్న మనిషితో కాదు.

ఆ రోజు కోర్టు వరండాలో ఆయన నా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ లాయరుగారు అక్కడే ఉన్నారు, ఫరవాలేదు మాట్లాడనివ్వండి అన్నట్టు చెయ్యి ఊపారు.

"అమ్మా, దారి కోసం కోర్టుకి వచ్చింది, రానివ్వండి. అందరూ వస్తారు," అన్నాడు. "ఎదురుపడితే పలకరింపు కూడా లేకుండా తల తిప్పుకుని పోతోందమ్మా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. మా ఆవిడ మంచాన పడితే కూడా వచ్చి చూళ్ళేదు. అంత పాపం నేనేం చేశాను?"

ఆ సంగతి నాకు తెలియదు. నేను పలకరించొద్దన్నాను గానీ, జబ్బుచేసిన మనిషిని చూడ్డానికి వెళ్ళొద్దని నేనెక్కడ అన్నాను? ఆవిడ నా మాటని నేను అన్నదానికంటే గట్టిగా పట్టుకుంది. అలాగని, వద్దన్నది నేనేనండీ అని ఆయనకి చెప్పడానికి లేదు. నా పార్టీకి నేను ఇచ్చిన సలహా ఎదుటి పార్టీకి చెప్పకూడదు. "కేసు నడుస్తోంది కదండీ," అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నాకు చాలా బాధగా అనిపించింది.

తీర్పు మాకే వచ్చింది. చెప్పి వెళ్ళడం, గిన్నె పంపడం ఇరుగుపొరుగు మర్యాదే గానీ అనుమతీ కౌలూ కావని, దారి ఆవిడదేనని, ఎవరూ అడ్డుపెట్టకూడదని. ఫోను చేసి చెప్పాను.

"అయితే ఇక చెప్పి వెళ్ళచ్చా అండీ?" అంది.

కేసు గెలిచినవాళ్ళు నన్ను చాలా అడిగారు గానీ ఇది ఎవరూ అడగలేదు. అప్పీలు గడువు దాటేదాకా ఆగమన్నాను. ఆగింది. ఆయన అప్పీలు చెయ్యలేదు. గడువు దాటిన సంగతి చెప్పడానికి నేనే ఫోను చేశాను. మినుము తీసే రోజులు, ఒకసారి వచ్చి చేను చూసి వెళ్ళమంది. కేసు అయిపోయాక పార్టీల ఇళ్ళకి వెళ్ళే అలవాటు నాకు లేదు. ఎందుకో వెళ్ళాను.

పొద్దున పూట ఇద్దరం ఆ గట్టు వెంబడి బయల్దేరాం. రొయ్యలు పట్టేశాక చెరువుని ఎండబెట్టారు. చుట్టుపక్కల ఎక్కడా అలికిడి లేదు. ఆయన గట్టు మలుపులో నిలబడి ఉన్నాడు. ఆవిడ నడక తగ్గించి పమిట సర్దుకుంది. నా వంక ఒకసారి చూసింది. నేను తల ఊపాను.

"వెళ్తున్నాం బావగారూ!" అంది గట్టిగానే.

ఆయన మాకు దారి ఇచ్చి పక్కకి జరిగాడు. చెరువు వంక చూస్తూ నిలబడ్డాడు. మేం దాటి వెళ్ళిపోయాం. కొంతదూరం పోయాక కూడా ఆవిడ నడక నిదానంగానే ఉంది, వెనకనుంచి ఏదైనా మాట వస్తుందేమోనని.

"ఈ మధ్య ఆయనకి చెవులు సరిగ్గా వినపడట్లేదులెండి," అంది.

ఆయన బోనులో ఉన్నప్పుడు నేను గొంతు ఎంత తగ్గించి అడిగినా ఒక్క ప్రశ్న కూడా రెండోసారి అడిగించుకోలేదు.

"అవునండీ, వినపడి ఉండదు," అన్నాను.